మూడు వంతుల దగ్గర ఆగిన టేపు

పాట మొదలైన కాసేపటికే డిటెక్టివ్‌కి ఆవులింత వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ ఎదురుగా కూర్చున్న లెక్చరర్ అప్పటికే చూసేశాడు.

"ఫర్వాలేదండీ," అన్నాడు నవ్వుతూ. "ఈ ఆల్బమ్‌కి అంతకంటే పెద్ద మెప్పు లేదు. నిద్రపట్టక అవస్థపడేవాళ్ళు ఎంతమంది నాకు ఉత్తరాలు రాశారో!"

సంగీత కళాశాల మేడ మీద గది అది. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకి మందపాటి దూది పరుపులు బిగించారు. స్పీకర్లలోంచి వచ్చే మోత చెవులకంటే ముందు అరికాళ్ళకి తగులుతోంది. ఒక స్వరం మొదలవుతుంది, సాగుతుంది, ఎప్పుడు అయిపోయిందో తెలియకుండా ఇంకోటి అందుకుంటుంది. ఏ వాద్యమో పోల్చుకోవడం ఆమె తరం కాలేదు. ఆమెకి సంగీతమంటే పాత సినిమా పాటలు, అవీ బస్సులో ఎవరైనా పెడితే వినేవి. కానీ ఈ పాట వినక తప్పదు. నిన్న మధ్యాహ్నం ఒక మనిషి ఇదే పాట వింటూ చావు అంచుదాకా వెళ్ళాడు.

ఆ మనిషి పళ్ళ డాక్టరు. క్లినిక్ వెనక గదిలో, రోగులకి నొప్పి తెలియకుండా ఇచ్చే గ్యాసు మాస్కు మొహానికి తగిలించి ఉండగా, ఒంటిమీద తెలివి లేకుండా దొరికాడు. ప్రాణం ఉంది, తెలివి ఇంకా రాలేదు. మొదట చూసి కేకలు పెట్టింది అతని చెల్లెలు. పక్క వాటాలోనే ఆమెకి కళ్ళద్దాల షాపు ఉంది. ఇన్‌స్పెక్టర్ ఇప్పుడు ఆ చెల్లెలినే స్టేషన్లో కూర్చోబెట్టాడు. సాయంత్రం నాలుగు గంటలకి అరెస్టు చూపిస్తానని డిటెక్టివ్ మొహం మీదే చెప్పాడు. "నేను చేసుంటే అంత గట్టిగా ఎందుకరుస్తాను అక్కా?" అని, తనకి కేసు ఒప్పజెప్పిన ఆ అమ్మాయి ఏడ్చిన ఏడుపు డిటెక్టివ్‌కి ఇంకా వినబడుతూనే ఉంది.

"ఈ టేపు డాక్టరుగారికి ఎక్కడ దొరికింది?" అని అడిగింది.

"పాత సామాన్ల కొట్లో. పెట్టె మీద పేరు లేదు, ఊరు లేదు. ఇంటికి తెచ్చుకుని విని, పిచ్చెక్కిపోయాడు. ఆ శుక్రవారమే గుంపుకి పంపించాడు."

శుక్రవారం గుంపు సంగతి చెల్లెలు ముందే చెప్పింది. డాక్టరు ఇరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం ఒక ఆల్బమ్ వెతికి పట్టుకుని, తనలాంటి పిచ్చివాళ్ళు వందమందికి పంపుతాడు. ఎవరూ వినని జాజ్, మాటలూ తాళమూ లేకుండా సాగే యాంబియంట్, ఓడల కూతలతో కట్టిన పాట, గాజు గ్లాసుల అంచులు రుద్ది తీసిన పాట. ఇలాంటివి తప్ప అతనికి వేరే లోకం లేదు. పెళ్ళాం పోయాక అదే అతని సంసారమని చెల్లెలు అంది.

"'నెమ్మది' అని పేరు పెట్టింది కూడా ఆయనే," అన్నాడు లెక్చరర్. "ఎవరు చేశారో తెలియదు, వినకుండా మాత్రం చచ్చిపోకండి అని రాశాడు. నేనూ ఆ గుంపులో ఉన్నాను కదా, విన్నాను. వినగానే కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. అది నేను చదువుకునే రోజుల్లో చేసిన టేపండీ. పోయిందనుకుని ఎన్నడో ఆశ వదులుకున్నాను."

"అంతకుముందు ఎవరికైనా చెప్పారా, అలాంటిదొకటి చేశానని?"

"పోయినదాని గురించి ఏం చెప్పుకుంటామండీ?"

మాట తడుముకోలేదు. గోడ మీద అతని కచేరీల పోస్టర్లు ఉన్నాయి. ప్రతి దాని మీదా 'నెమ్మది' అనే అక్షరాలే పెద్దవి. ఆ ఒక్క ఆల్బమ్ అతన్ని మామూలు లెక్చరర్ నుంచి దేశాలు తిరిగే కళాకారుణ్ణి చేసింది.

అరగంట కావొస్తుండగా స్పీకర్లలో స్వరాలు సద్దుమణిగాయి. వాటి స్థానంలో ఏదో గుర్రుమనే చప్పుడు మొదలైంది. గుహలో పెద్ద జంతువు పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఎగుడుదిగుడుగా సాగింది.

"ఇదేమిటి? ఎవరైనా గురక పెడుతున్నారా?"

అతను గట్టిగా నవ్వాడు. "అందరూ అడిగేది దాని గురించే. హాస్టల్ మేడ మీద నీళ్ళ ట్యాంకు ఉండేది. దాని గొట్టంలోకి మైకు దించాను. నీళ్ళు కదిలే చప్పుడది. దాన్ని సాగదీశాను."

"నిన్న పొద్దున డాక్టరుగారు మీకు ఫోన్ చేశారు."

"ఆదివారాలు మా గుంపువాళ్ళం కలుస్తాం కదా. ఏం వినాలో మాట్లాడుకున్నాం."

"క్లినిక్ వెనక తలుపు తాళంచెవి ఒకటి మీ దగ్గరుంది."

"ఉంది. ఆయనే ఇచ్చాడు. రెండోది వాళ్ళ చెల్లెలి దగ్గరుంటుంది." లెక్చరర్ నవ్వు కొంచెం తగ్గింది. "చూడండి మేడమ్, నిన్న రెండు గంటలకి నేను కింద హాల్లో క్లాసులో హాజరు తీసుకుంటున్నాను. పిల్లలందర్నీ ఇన్‌స్పెక్టర్‌గారు అడిగే వెళ్ళారు. ఆ అమ్మాయి చేసిందంటే నాకూ నమ్మబుద్ధి కావడం లేదు. కానీ నేను కాదన్న సంగతి మాత్రం రుజువైపోయింది."

ఆమె లేచింది. మెట్లు దిగుతుంటే ఆ గురక చప్పుడు వీపు వెనక ఇంకా వినిపిస్తూనే ఉంది. కాలేజీ గేటు నుంచి క్లినిక్ దాకా నడిచి చూసింది. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

క్లినిక్ ముందు గదిలో కాంపౌండరు రోగులకి ఫోన్లు చేసి రావద్దని చెబుతున్నాడు. జుట్టంతా నెరిసిపోయిన మనిషి. పోలీసులు తన టిఫిను డబ్బా కూడా మూత తీసి చూశారన్న కోపం ఇంకా మొహంలో ఉంది.

"నిన్న జరిగింది మొదట్నుంచి చెప్పండి," అంది డిటెక్టివ్.

"ఎన్నిసార్లు చెప్పమంటారమ్మా? ఒంటిగంటన్నరకి నేను డబ్బా విప్పాను. అప్పుడే డాక్టరుగారు వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. వెంటనే పాట వినబడింది. తిన్నాను. కునుకు పట్టింది. చెల్లెమ్మగారు అరిస్తే లేచాను. అప్పటికి రెండుంపావు కావొస్తోంది."

"పాట ఎప్పుడు ఆగింది?"

"కునికేవాడికి ఏం తెలుస్తుందమ్మా?"

"రోజూ ఆ వేళప్పుడు పాట పెడతారా?"

"పెడతారు. కానీ మనకి వినబడదు. ఒక్కరే ఉన్నప్పుడు చెవులకి తగిలించుకుంటారు. ఇంకోళ్ళకి వినిపించాలంటేనే పెద్ద స్పీకర్లు పెడతారు." చెబుతూ చెబుతూ ఆయనే ఆగాడు. తను ఏమన్నాడో తనకే అప్పుడు తట్టినట్టుంది. "అంటే నిన్న..."

"నిన్న ఇంకొకరు వస్తారని తెలుసన్నమాట," అంది ఆమె. "ఇది ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"ఆయన అడగలేదు. ఇంకో మాట చెప్పబోతే నవ్వేశాడు కూడా."

"ఏ మాట?"

కాంపౌండరు మొహమాటపడ్డాడు. "నిన్నటి పాట బాగుందమ్మా. ఆ సామాన్లో బాగున్న పాట వినడం నాకదే మొదలు. ఆదివారాలు వీళ్ళంతా చేరి పెట్టుకునేవి వింటే నాకు తలనొప్పి వస్తుంది. నిన్నటిది మాత్రం హుషారుగా ఉంది. తింటూ తింటూ కాలు ఆడించాను, మీ మీద ఒట్టు. సోమవారం మిషను బాగుచేయించారు కదా, అందుకేనేమో అనుకున్నాను."

"మిషనుకేమైంది?"

"కొన్నప్పటినుంచీ ఏదో మీట బిగుసుకుపోయిందట. మెకానిక్ వచ్చి ఊడదీసి బిగించాడు. ఆ సాయంత్రం నుంచి డాక్టరుగారు అదోలా ఉన్నారు. పన్ను పీకుతూ పీకుతూ ఏదో ఆలోచన. పిలిస్తే రెండోసారికి పలికేవారు."

డిటెక్టివ్ వెనక గది వైపు అడుగు వేసింది. తలుపుకి అడ్డంగా కట్టిన పోలీసు రిబ్బను అవతలనుంచి ఒక గొంతు వినబడింది.

"అక్కడే ఆగండి మేడమ్."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే లోపల ఉన్నాడు. పొడుగ్గా, బక్కగా, ఇస్త్రీ నలగని చొక్కాతో. రెండేళ్ళ కిందట ఒక ఇన్సూరెన్సు కేసులో ఇద్దరూ ఎదురుపడ్డారు. అప్పుడామె గెలిచింది. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోలేదు.

"కాలిపోయిన గోడౌన్లు లెక్కపెట్టుకున్నంత సుళువు కాదు ఇది," అన్నాడు.

"గోడౌన్లు అబద్ధం చెప్పవు. వాటి ఓనర్లే చెబుతారు. ఇక్కడా అంతే. లోపలికి రానిస్తారా, కోర్టు నుంచి కాగితం తెమ్మంటారా?"

అతను రిబ్బను ఎత్తిపట్టుకున్నాడు. "రండి. ఏదీ ముట్టుకోకండి. చూసి, ఒప్పుకుని వెళ్ళండి."

గది చిన్నది. మూడు గోడలకీ నేల నుంచి కప్పుదాకా ఆల్బమ్‌లే. మధ్యలో పాతబడిన పళ్ళ డాక్టరు కుర్చీ ఉంది. రోగుల కోసం కొత్తది కొన్నాక పాతది ఇక్కడికి తెచ్చుకుని, వెనక్కి వాలి పాటలు వినేవాడు. కుర్చీ తల దగ్గర, చేతికందేంత దూరంలో గ్యాసు సిలిండర్లు నిలబెట్టి ఉన్నాయి. కాళ్ళవైపు, నాలుగు అడుగుల అవతల బల్ల మీద రెండు పెద్ద చక్రాల టేపు మిషను. దాని పక్కనే వెనక సందులోకి తలుపు.

"అందరూ ప్రమాదమన్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పాట వింటూ మత్తుకోసం తనే మాస్కు తగిలించుకున్నాడన్నారు. నేను ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పండి చూద్దాం."

ఆమె మిషను వైపు చూసింది. టేపు ఎడమ చక్రం మీద కొద్దిగానే మిగిలింది, ఎక్కువ భాగం కుడివైపుకి చుట్టుకుంది. "పాట చివరిదాకా రాలేదు. మధ్యలో ఎవరో ఆపారు. మాస్కు పెట్టుకుని హాయిగా పడుకున్నవాడు లేచొచ్చి పాట ఆపడు."

"అదీ. ఇంకా వినండి. ఈ టేపులో ఉన్నది 'నెమ్మది'. కంపెనీ అమ్మే ఆల్బమ్ తెప్పించుకుని రెండుసార్లు విన్నాను, రెండుసార్లూ నిద్రపోయాను. మొత్తం నలభై నిమిషాలు. టేపు సరిగ్గా మూడు వంతుల దగ్గర ఆగింది. ఒంటిగంటన్నరకి మొదలైతే రెండింటికి ఆగినట్టు. ఇది ఆగిపోయిన గడియారం మేడమ్, దానికి ఎవరి మీదా పక్షపాతం లేదు. రెండింటికి లెక్చరర్ క్లాసులో ఉన్నాడు. చెల్లెలు రెండింటికి అయిదు నిమిషాలు తక్కువకి షాపు మూసింది. ఇంకెవరి దగ్గరా తాళం లేదు. ఈ వాటాలు రెండూ అన్నాచెల్లెళ్ళ పేరు మీదున్నాయి. ఇంకేం కావాలి?"

లెక్క ఎక్కడా వదులుగా లేదు. అతను తెలివైనవాడే. అందుకే ఆ అమ్మాయి నిజంగా జైలుకి వెళ్ళిపోతుందని డిటెక్టివ్‌కి భయం వేసింది. ఆమె వంగి మిషనుకేసి చూసింది. గుండ్రటి మీట, దాని చుట్టూ రెండు గుర్తులు. ఒకటి తక్కువ వేగానికి, రెండోది దానికి రెట్టింపు వేగానికి. మీట మీది తెల్లగీత రెండో గుర్తుకి ఎదురుగా ఉంది.

ఆమె ఆ మీట వైపు వేలు చూపించింది.

"ఈ మీట ఎవరైనా కదిపారా?"

"నా కళ్ళెదురుగా ఫోటోలు తీశారు. గాలి కూడా తగల్లేదు."

"అయితే టేపు కొంచెం వెనక్కి తిప్పి, మళ్ళీ నడిపించండి."

"అది సాక్ష్యం."

"మీ చేత్తోనే చెయ్యండి. రేపు కోర్టులో ఎవరో వకీలు అందరి ముందూ మీ చేత చేయించేదానికంటే ఇప్పుడు మనిద్దరం వినడం మీకే మర్యాద."

అతను ఆమెని గుచ్చి చూశాడు. చేతికి గ్లవ్ తొడుక్కున్నాడు. టేపు వెనక్కి తిప్పాడు, బొత్తాం నొక్కాడు.

గదిలోకి జాజ్ దూకింది.

డ్రమ్ములు పరుగెడుతున్నాయి. వాటి మీద పియానో గంతులేస్తోంది. ఎవరో ట్రంపెట్ ఊదుతూ ఊదుతూ ఊపిరాడక నవ్వేశారు. ఆ నవ్వు కూడా టేపులో ఉంది. ఇన్‌స్పెక్టర్ బొత్తాం మీది వేలు అలాగే ఉంచి కొయ్యబారిపోయాడు. తలుపు దగ్గర్నుంచి కాంపౌండరు కేకేశాడు. "ఇదేనమ్మా! నిన్నటిది ఇదే!"

పాట ఒక్క విసురుతో ముగిసింది. చప్పట్లు మోగాయి. ఆ వెనకే ఒక ఆడగొంతు మైకులోకి వచ్చింది.

"చాలు బాబూ చాలు, కూర్చోండి. ఈ హాలు ఇవాళే తెరిచారు. రంగింకా ఆరలేదు, గోడలకి ఆనుకుంటే మీ కోట్లు పోతాయి. స్టేషన్ హోటల్ వాళ్ళు బట్టలుతికించే పూచీ పెట్టుకోరట..."

జనం నవ్వారు. ఇన్‌స్పెక్టర్ బొత్తాం వదిలేశాడు. చక్రాలు నిన్న ఆగిన చోటికి దగ్గర్లోనే మళ్ళీ ఆగాయి.

"ఇది 'నెమ్మది' కాదు," అన్నాడు.

"ఇదే 'నెమ్మది'. మిషను మీట బిగుసుకుపోయి, ఈ బ్యాండుని ఇన్నేళ్ళూ సగం వేగంతో విన్నారు. ఇందాక లెక్చరర్ గదిలో నేను విన్న గురక ఏమిటో తెలుసా? ఈవిడ మాటలు. నీళ్ళ ట్యాంకు గొట్టంలోకి మైకు దించి తీశానని ఆయన నాతో స్వయంగా చెప్పాడు."

ఇన్‌స్పెక్టర్ ఆగిన చక్రాలకేసి చూశాడు. "స్టేషన్ హోటల్ కూలగొట్టిన రోజు బందోబస్తుకి నేనే వెళ్ళాను," అన్నాడు మెల్లగా. "హాలు గుమ్మం మీద రాతిపలక ఉండేది. దాని మీది తేదీ ప్రకారం తెరిచి అరవై ఏళ్ళు. లెక్చరర్‌కి యాభై నిండలేదు."

"పుట్టకముందే ఆల్బమ్ చేసినట్టున్నాడు."

"అది మోసం. హత్యాయత్నం కాదు."

"అయితే మీ గడియారం సంగతి చూడండి. ఈ వేగంలో మొత్తం టేపు నలభై కాదు, ఇరవై నిమిషాలే. మూడు వంతులంటే పదిహేను. పాట ఆగింది రెండింటికి కాదు, ఒంటిగంటా నలభై అయిదుకి. ఆ టైముకి చెల్లెలు షాపులో ఒక బస్సు డ్రైవరుకి కళ్ళు పరీక్ష చేస్తోంది, మీరే అతని వాంగ్మూలం రాసుకున్నారు. లెక్చరర్ ఎక్కడున్నాడు? క్లాసు రెండింటికి. ఇక్కడికి నడిస్తే అయిదు నిమిషాలు."

"తర్వాత చెల్లెలు వచ్చి..."

"తర్వాత ఎవరొచ్చారన్నది తర్వాత. నలభై అయిదుకి ఈ గదిలో నిలబడి, ఆవిడ గొంతు వినగానే ఉలిక్కిపడి బొత్తాం నొక్కిన మనిషి ఒకరున్నారు. ఆయన నిన్నటినుంచీ నోరు విప్పలేదు. టేపు తీసుకుపోతే అనుమానమొస్తుందని వదిలేశాడు. మీట వెనక్కి తిప్పడం మర్చిపోయాడు."

ఇన్‌స్పెక్టర్ గ్లవ్ ఊడదీశాడు. ఓడిపోయినవాడి మొహంలా లేదు అతనిది. తప్పు దారిలో చాలా దూరం వచ్చేశానని తెలిసిన డ్రైవరు మొహంలా ఉంది. జేబులోంచి ఫోన్ తీసి స్టేషన్‌కి కలిపాడు. చెల్లెలికి ఇమ్మన్నాడు. స్పీకర్ నొక్కి డిటెక్టివ్ ముందు పెట్టాడు.

"అమ్మా, నేను," అంది ఆమె. "అన్నయ్య దగ్గర ఇప్పుడు ఎవరున్నారు?"

"అక్కా! అన్నయ్యకెలా ఉంది? ఎవరూ లేరని నేను ఏడుస్తుంటే లెక్చరర్‌గారే ఫోన్ చేశారక్కా. నువ్వేం దిగులుపడకు, నేను కూర్చుంటాను, ఆయనకిష్టమైన పాటలు చెవుల్లో పెడతాను అన్నారు. ఈపాటికి వెళ్ళే ఉంటారు. దేవుడిలా..."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "వార్డు దగ్గర మీ మనిషి?"

"ఆడ కానిస్టేబుల్ ఒక్కతే ఉండేది. చెల్లెలిని స్టేషన్‌కి తీసుకురావడానికి పంపాను." అతను ఆ ఫోన్ కట్ చేశాడు. "మంచి మనిషి తోడుంటానన్నాడు కదా అని ఇంకొకర్ని పెట్టలేదు."

అతను వార్డు నంబరుకి రింగు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఆ అమ్మాయిని వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మని స్టేషన్‌కి చెబుతూనే జీపు వైపు పరుగెత్తాడు. డిటెక్టివ్ ఒక్క నిమిషం వెనకబడింది. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ నడిపించి, ఫోన్‌లో కొంత ముక్క ఎక్కించుకుంది. ఆడగొంతు రాకముందే ఆపేసి, జీపు కదులుతుండగా ఎక్కింది.

ఆస్పత్రి గుమ్మం దగ్గర జీపు సరిగ్గా ఆగకముందే ఆమె దిగింది.

వార్డు చివరి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. నర్సు అవతలి వరసలో ఎవరికో సూది వేస్తోంది. డిటెక్టివ్ తెర పక్కకి జరిపింది.

లెక్చరర్ మంచానికి ఆనించి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో పుస్తకం. డాక్టరు చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు. మొహానికి ఆక్సిజన్ గొట్టం. తలవైపు పెట్టిన ఆక్సిజన్ కొలిచే మిషను తెర మీద ఎర్రటి అంకె మినుకుమినుకుమంటోంది. చప్పుడు మాత్రం లేదు.

"ఇది మోగడం లేదేం?" అంది ఆమె.

"పాటకి అడ్డొస్తోందని తగ్గించాను. ఆయనకి..."

ఆమె వినలేదు. కళ్ళతో గొట్టం వెంబడే వచ్చింది. మొహం నుంచి దిండు, దిండు నుంచి మంచం అంచు, అక్కణ్ణుంచి నేల. కుర్చీ కాలు దాని మీద ఉంది.

"లేవండి!"

అతను లేవకముందే ఇన్‌స్పెక్టర్ కుర్చీతో సహా అతన్ని పక్కకి లాగేశాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది. గొట్టం సరిచేసి, ఏదో మీట తిప్పి, డాక్టరు ఛాతీ మీద చెయ్యి వేసి వంగి చూసింది. తెర మీది అంకె కాసేపు అక్కడే తచ్చాడి ఒకటి పెరిగింది. తర్వాత ఇంకోటి.

"ఇంకాస్త ఆగుంటే పోయేవాడు," అంది నర్సు.

"అయ్యో, చూసుకోలేదండీ," అన్నాడు లెక్చరర్. మొహం పాలిపోయింది గానీ మాట తొణకలేదు. "చూసుకోలేదు. దేవుడి దయవల్ల మీరు సమయానికి వచ్చారు."

ఇన్‌స్పెక్టర్ డిటెక్టివ్ వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. కుర్చీ కాలు పొరపాటున పడిందంటే కోర్టు నమ్ముతుంది. ఒంటిగంటా నలభై అయిదుకి ఎక్కడున్నావంటే దారిలో అంటాడు. టేపు నీది కాదంటే, గుర్తుపట్టడంలో పొరపాటు పడ్డానంటాడు.

తెర అవతల అడుగులు వినబడ్డాయి. ఆడ కానిస్టేబుల్ చెల్లెలిని తీసుకొచ్చింది. ఆ అమ్మాయి ఎవర్నీ పలకరించకుండా నేరుగా అన్న దగ్గరికెళ్ళి, హెడ్‌ఫోన్లు తీసేసి, అతని చెయ్యి పట్టుకుంది.

డిటెక్టివ్ తన ఫోన్ తీసింది. "మాస్టారూ, ఒకటి వినిపిస్తాను. ఎవరిదో చెప్పండి."

డ్రమ్ములు, పియానో, ట్రంపెట్. రోగులు కొందరు తలలెత్తి చూశారు. ఆమె అతని కళ్ళల్లోకే చూస్తోంది. కాసేపు వినిపించి ఆపేసింది.

"ఎప్పుడైనా విన్నారా?"

"లేదు. ఏదో పాత హోటల్ బ్యాండులా ఉంది."

"డాక్టరుగారి టేపులోది. మీ 'నెమ్మది' ఇదేనంటున్నారు కొందరు."

"నాకు తెలుసు ఇలాంటిదేదో వస్తుందని!" అన్నాడు లెక్చరర్, గొంతు మొదటిసారి పెరిగింది. "నా పేరంటే కుళ్ళేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా టేపుని ఎవరో వేగంగా తిప్పి, దానికి ఆ ఆడమనిషి మాటలు అతికించారు. గోడలకి రంగనీ, కోట్లనీ. ఇవాళ రేపు ఫోన్లోనే చేసేస్తున్నారు ఇవన్నీ."

ఇన్‌స్పెక్టర్ అతని వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఏ ఆడమనిషి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

లెక్చరర్ డిటెక్టివ్ చేతిలోని ఫోన్ వైపు చూశాడు.

"ఆవిడ మాట్లాడేలోపే నేను ఆపేశాను," అంది డిటెక్టివ్. "ఆ గొంతు ఇవాళ విన్నది మేమిద్దరం, కాంపౌండరు. నిన్న విన్నది డాక్టరుగారు. ఆయన పక్కన నిలబడి ఇంకెవరు విన్నారు?"

అతను వెనక్కి అడుగు వేశాడు. అక్కడ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. ఇంకెటూ దారి లేదని తెలిశాక ఆ మనిషి భుజాలు ఒక్కసారిగా జారిపోయాయి. పక్క మంచం అంచు మీద కూలబడ్డాడు.

"మోసం చెయ్యాలని మొదలుపెట్టలేదు," అన్నాడు. "ఎవరిదో తెలియని పాట. అడిగేవాళ్ళెవరూ లేరు. గుంపులో ఒకరోజు నోరుజారి నాదే అన్నాను. అందరికంటే ముందు సంతోషపడింది వీడే. నన్ను కావలించుకుని ఏడ్చాడు."

"నిన్న ఏం జరిగింది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"రమ్మని ఫోన్ చేశాడు. కుర్చీలో వాలి కళ్ళు మూసుకుని, విను అన్నాడు. ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టగానే నేను ఆపేశాను. కళ్ళు తెరవకుండానే అన్నాడు, 'నువ్వేం బాధపడకు, నేను ఎవరికీ చెప్పను' అని. ఆ కళ్ళు తెరవకముందే మాస్కు నొక్కి పట్టేశాను."

చెల్లెలు తలెత్తింది. "చెప్పనన్నాక మరెందుకు చేశారండీ?"

"వాడా చెప్పకుండా ఉండేది?" లెక్చరర్ ఆమెకేసి తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళున్నాయి. "ఇరవై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా మీ అన్నయ్యని. మంచి పాట దొరికితే తెల్లారేదాకా ఆగలేడు. పన్ను నొప్పితో ఏడుస్తున్నవాడి చెవిలో కూడా పెట్టేస్తాడు. అంత గొప్ప బ్యాండు దొరికాక దాచుకోవడం వాడి వల్ల అవుతుందా? మాట ఇస్తాడు. ఉండలేడు. శుక్రవారం వచ్చేసరికి వందమందికీ పంపేస్తాడు. నాకు తెలుసు."

ఆ అమ్మాయి అన్న చెయ్యి వదల్లేదు. గొంతు పెంచలేదు.

"సోమవారం సాయంత్రం మిషను బాగైంది," అంది. "మంగళవారం నాతోనే భోంచేశాడు. బుధవారమూ నాతోనే. ఏం అన్నయ్యా, అదోలా ఉన్నావంటే, ఏం లేదమ్మా అన్నాడు. గుంపులో ఎవరికీ ఒక్క మాట పంపలేదు. పుట్టినప్పటినుంచీ అన్నయ్య నా దగ్గర ఏ పాటా దాచలేదండీ. మీ కోసం ఇది దాచాడు."

లెక్చరర్ ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఆ మాట అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక అతను చేసిన చప్పుడు విని, వార్డు ఆ చివర ఉన్న రోగులు కూడా లేచి కూర్చున్నారు.